పానకం గుర్తొచ్చే అల్లం సోడా, దాని వెనక ఒక దలారీ కొట్టు

ముందే చెప్పేస్తున్నా, ఇది శ్రీలంక వాళ్ల ఎలిఫెంట్ హౌస్ జింజర్ బీర్ మీద రివ్యూ. బీర్ అన్నానని ఎగబడకండి, మందు చుక్క కూడా ఉండదు, అచ్చంగా అల్లం సోడా.

మొన్న కొలంబో వెళ్లినప్పుడు తాగాను. నెల్లూరులో మేం ప్యాకేజీ మాట్లాడుకున్న ట్రావెల్స్ వాళ్లు (పేరెందుకులే) సముద్రం కనిపించే రూమ్ అని చెప్పి వెల్లవత్తలో ఒక లాడ్జిలో దించారు. కిటికీ తీస్తే పక్కింటి వాటర్ ట్యాంకు. ఏసీ కింద బక్కెట్ పెట్టుకుని రాత్రంతా ఆ టపటప వింటూ పడుకున్నాం. పొద్దున ఆ చిరాకుతో బయటికొస్తే ఎండ మన నెల్లూరు ఎండే, చల్లగా ఉంటుంది కదా అని కీల్స్ సూపర్ మార్కెట్లో దూరి, ఏనుగు బొమ్మ చూసి ఒక బాటిల్ తీసుకున్నా.

మూత తిప్పగానే వచ్చిన వాసనకి శ్రీరామనవమి పందిరి గుర్తొచ్చింది. మొదటి గుక్క తీపే. రెండో గుక్కకి గొంతులో సన్నగా మంట మొదలై, ముక్కులోకి ఎక్కి, కళ్లు చెమర్చి, అప్పుడు తెలుస్తుంది అల్లం సంగతి. పానకంలో గ్యాస్ ఎక్కించినట్టు ఉంటుంది, ఇంతకంటే బాగా చెప్పలేను. ఒకటే షరతు, బాగా చల్లగా ఉన్నప్పుడే తాగండి. కొత్తు రొట్టితో (పరోటా ముక్కలు కూరతో కలిపి పెనం మీద తరిగి ఇస్తారే, అది) అయితే ఇంకా భలే. క్రీమ్ సోడా కూడా కొన్నాం, అది పిల్లల సరుకు, మా వాడే మొత్తం లాగించాడు.

మా ఆటో అతను తమిళాయన. వచ్చీరాని తమిళంలో మాట్లాడుతుంటే చెప్పాడు, నువ్వు తాగిన సోడా, కొన్న షాపు, అదిగో ఆ సినమన్ గ్రాండ్ హోటలు, అన్నీ జాన్ కీల్స్ వాళ్లవే అని. రాత్రి బక్కెట్ పక్కన కూర్చుని ఫోన్లో చదివితే అసలు కథ తెలిసింది. 1870లో ఎడ్విన్, జార్జ్ జాన్ అనే ఇద్దరు ఇంగ్లీషు అన్నదమ్ములు కొలంబోలో పెట్టిన బ్రోకరు కొట్టు అది. దలారీ కొట్టండీ బాబూ!

ఇక్కడ మా మామ సంగతి చెప్పాలి. స్టోన్‌హౌస్‌పేటలో ముప్పై ఏళ్లు బియ్యం బ్రోకర్ చేశాడు. బస్తాకి ఇనప గొట్టం గుచ్చి మచ్చు తీసి, అరచేతిలో పోసుకుని ఊదేవాడు. రెండు గింజలు కొరికి, పాతవా కొత్తవా, నూక ఎంత పడుతుంది చెప్పేసేవాడు. కొట్లో ఒక్క బస్తా కూడా ఆయనది కాదు. కొనేవాడు, అమ్మేవాడు ఇద్దరూ ఆయన మాట నమ్మాలి, అంతే పెట్టుబడి. టీ బ్రోకర్లదీ ఇదే పని, కాకపోతే గింజ బదులు డికాషన్: వరసగా కప్పులు పెట్టుకుని, జుర్రుమని లాగి, ఉమ్మేసి, వేలానికి ముందే రేటు అంచనా కడతారు.

ఆ కంపెనీ పుట్టిన కాలం చూడండి. సిలోన్ (అప్పట్లో శ్రీలంక పేరు) అంటే అప్పుడు కాఫీ. 1869లోనే ఆకులకి తుప్పు తెగులు తగిలింది, తర్వాత ఇరవై ఏళ్లలో కాఫీ తోటలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి, ఆ భూముల్లో టీ వేశారు. 1883 జులై 30న కొలంబోలో మొదటి టీ వేలం. తోటవాడు మునిగిపోవచ్చు గానీ, కాఫీ పోయి టీ వచ్చినా మధ్యలో బేరం కుదిర్చేవాడికి పని ఉంటుంది. మా మామ కూడా మొలగొలుకుల బియ్యం తగ్గిపోయి కొత్త రకాలు వచ్చినప్పుడు ఏమీ బాధపడలా.

తర్వాత కలుపుకోవడాలు. 1948లో లండన్ టీ బ్రోకర్లతో, 1960లో కీల్ అండ్ వాల్డాక్ అనే ఇంకో బ్రోకింగ్ కంపెనీతో కలిశారు, పేరులో కీల్స్ వచ్చింది అక్కణ్నుంచే. 1986లో జాన్ కీల్స్ హోల్డింగ్స్ అని పై కంపెనీ పెట్టి షేర్ మార్కెట్‌కి వెళ్లారు. 1991లో విట్టల్స్ గ్రూపుని కొన్నారు, దాంతో ఎలిఫెంట్ హౌస్ సోడాలు చేసే సిలోన్ కోల్డ్ స్టోర్స్ చేతికొచ్చింది, అంటే నా అల్లం సోడా. ఇప్పుడు హోటళ్లు, ఇన్సూరెన్స్, పోర్టు అన్నీ ఉన్నాయి. కొలంబో వెస్ట్ కంటైనర్ టెర్మినల్‌లో అదానీకి 51 శాతం, వీళ్లకి 34. మన కృష్ణపట్నం పోర్టు ఓనరే అక్కడ వీళ్ల పార్ట్‌నర్, చూశారా! 2025లో కొలంబోలో వీళ్లు కట్టిన సిటీ ఆఫ్ డ్రీమ్స్ అనే హోటల్, మాల్ సముదాయంలో క్యాసినో కూడా మొదలైంది, అది మాత్రం నాకు రుచించలేదు, నా పాత బుర్ర కావచ్చు. టీ బ్రోకింగ్ మాత్రం ఇప్పటికీ వదల్లేదు, నాకు నచ్చింది అది.

సోడాకి ఐదుకి నాలుగున్నర. లగేజీలో చొక్కాల మధ్య చుట్టి నాలుగు బాటిళ్లు తెచ్చా, మూడు అయిపోయాయి. నాలుగోది మామకి ఇస్తే, రెండు గుక్కలు నోట్లో అటూ ఇటూ తిప్పి మింగి, బాటిల్ వెనక్కి తిప్పి చూసి, "బాగానే ఉందిరా అబ్బయ్యా, దీని మీద డీలర్‌కి ఎంత మిగుల్తదంట?" అన్నాడు.