సింప్లెక్స్ ప్లస్: అంతర్వేది ఇసుకలో మొదటి రోజు

కొత్తగా మెటల్ డిటెక్టర్ కొంటామంటే ఎక్కువమంది చెప్పే పేర్లలో నోక్టా సింప్లెక్స్ ప్లస్ ఒకటి. టర్కీలో తయారైన మిషను. బరువు 1.3 కిలోలు, నేల మీద తిప్పే కాయిల్ (లోహాన్ని పసిగట్టే తీగచుట్ట) 11 అంగుళాల డీడీ, అంటే D ఆకారపు చుట్టలు రెండున్నది, మూడు మీటర్ల లోతు నీళ్లలో ముంచినా ఏమీ కాదు. పొడి ఇసుకలో నేర్చుకోవడానికి ఇంతకంటే సుళువైనది వెతకక్కర్లేదు. తడి ఇసుకలో కాలు పెట్టాక మాత్రం కథ మారుతుంది. గోదావరి డెల్టా బీచిల్లో మరీ.

ఇది 12 కిలోహెర్ట్జ్ ఒక్క ఫ్రీక్వెన్సీ మీదే పనిచేస్తుంది. సముద్రపు ఉప్పునీటిలో కరెంటు పారుతుంది కాబట్టి ఉప్పు నానిన ఇసుకే మిషనుకి పలచని రేకులా కనిపిస్తుంది. దానికి తోడు గోదావరి మోసుకొచ్చిన నల్ల ఇసుక: ఇల్మెనైట్, మాగ్నటైట్, గార్నెట్ అనే ఖనిజాలు. గ్రౌండ్ బ్యాలెన్స్ (నేల మోతని మిషను పట్టించుకోకుండా సర్దడం) నంబరు ఉప్పు తడిలో 25 లోపు పడుతుంది, నల్ల ఇసుకలో 70 దాటుతుంది. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం ఒడ్డుల్లో ఈ రెండూ కలిసే ఉంటాయి. ఒకదానికి సర్దితే రెండోది అరుస్తుంది. ఇది మిషను చెడిపోవడం కాదు, ఒకే ఫ్రీక్వెన్సీకి ఉన్న హద్దు. ఎక్కువ పని తడిలోనే అనుకునేవాళ్లు డబ్బు కూడబెట్టుకుని ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలు వాడే మిషను కొనుక్కోవడం మేలు.

నల్ల ఇసుక ఎంతుందో తేల్చుకోవడానికి చిన్న ఉపాయం: అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి ఇసుక మీద జానెడు దూరం ఈడ్చండి. కవరుకి నల్లటి మీసాలు గుబురుగా మొలిస్తే పది అడుగులు పక్కకి జరగండి. అయస్కాంతాన్ని కవర్లోంచి తీయగానే మీసాలు రాలిపోతాయి. కవరు లేకుండా ఈడ్చారో, దాన్ని తుడుస్తూ కూర్చోవడమే.

పొడి ఇసుకలో బీచ్ మోడ్ పెట్టకండి, ఫీల్డ్ మోడ్ చాలు. సెన్సిటివిటీ (ఎంత చిన్న సంకేతానికి పలకాలో చెప్పేది) సగంలో ఉంచండి. కింద లోహం లేని చోటు చూసుకుని గ్రౌండ్ బ్యాలెన్స్ బటన్ నొక్కిపట్టి, కాయిల్‌ని జానెడు ఎత్తు నుంచి నేలకి 3 సెంటీమీటర్ల దాకా మెల్లగా దించుతూ లేపుతూ ఉండండి. బీప్ వచ్చాక వదిలేయండి. తడిలోకి దిగితే బీచ్ మోడ్‌లోకి మార్చి మళ్లీ బ్యాలెన్స్ చేసి, సెన్సిటివిటీ ఇంకా తగ్గించండి. అప్పుడు నీళ్ల అంచు వెంబడే నడవాలి తప్ప ఒడ్డు నుంచి నీళ్లలోకి, నీళ్లలోంచి ఒడ్డుకి తిరగకూడదు. అడుగడుగునా తడి మారి మోత ఆగదు. కొత్తవాళ్లు ఊపు చివర కాయిల్‌ని గాల్లోకి లేపేస్తారు, తప్పుడు మోతల్లో చాలా వాటికి అదే కారణం. నేలకి సమంగా, ముందు ఊపులో సగం మళ్లీ కలిసేలా తిప్పాలి.

ఇక డిస్క్రిమినేషన్, అంటే అక్కర్లేని లోహాలకి మిషను పలకకుండా చేయడం. ఇనుముని మూయించేయమని విదేశీ వీడియోలన్నీ చెబుతాయి. మన దగ్గర ఆ సలహా పనికిరాదు. ఒక రూపాయి నాణెం 1992 నుంచి ఫెర్రిటిక్ స్టెయిన్‌లెస్ స్టీలు, అయస్కాంతానికి అంటుకుంటుంది. ఇప్పటి రెండు రూపాయలదీ అదే లోహం. మిషను తెర మీద లోహాన్ని బట్టి ఒక నంబరు చూపిస్తుంది, 15 లోపు నంబర్లు ఇనుముకి. రూపాయి బిళ్ల అక్కడా పలకొచ్చు, ఎగిరెగిరి వేరే నంబరూ చూపొచ్చు. స్నానాల రేవు దగ్గర ఇనుము మూయిస్తే సగం చిల్లర మీద నడిచి వెళ్లిపోయినట్టే. మొదటి రోజు ఏ నంబరూ మూయించకుండా, పలికిన ప్రతిదీ తవ్వండి. చెవి అలాగే కుదురుతుంది.

తవ్వితే ఏమొస్తాయి? సీసా మూతలు, గుట్కా ప్యాకెట్ల రేకు, మాత్రల రేకు, పడవ మేకులు, గాలాలు, వల గుండ్లు. వల గుండు సీసం కాబట్టి మోత నున్నగా, ఉంగరంలాగే వస్తుంది, చూడకుండా తేల్చలేం. ఇక పోయిన బంగారు గొలుసు వెతకడానికే కొంటున్నవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. సన్నటి గొలుసుని ఏ మిషనూ గొలుసుగా చూడదు, ఒక్కో లింకునీ విడిగా చూస్తుంది. అందుకే మూడు కాసుల గొలుసు మీద నుంచి పోయినా కిక్కురుమనకపోవచ్చు, దానికున్న పుస్తె మాత్రం ఠంగుమంటుంది.

వస్తువున్న చోటు కచ్చితంగా చూపే పిన్‌పాయింట్ బాగానే ఉంది, మోత ఎక్కడ గట్టిగా ఉందో అక్కడ కాయిల్ నడుమే గుర్తు. కర్ర ఉన్న స్టీలు స్కూపు (ఇసుక తోడే గరిట) వేరే కొనాలి. తవ్వేటప్పుడు దాన్ని కాయిల్‌కి దూరంగా పెట్టండి, లేదంటే అదే పలుకుతుంది. తడి ఇసుకలో గోతి వెంటనే కూలి వస్తువు ఇంకా కిందకి జారుతుంది. స్కూపుని మోతకి నాలుగు వేళ్లు ఇవతల దించి, అడుగు నుంచి ఎత్తుకురావాలి.

వెళ్లే వేళ: అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీళ్లు ఎక్కువ వెనక్కి పోతాయి, ఆటు ముగియడానికి రెండు గంటల ముందు చేరాలి. తుపాను కోసేసిన ఒడ్డు ఇంకా మంచిది. 2020 నవంబరులో నివర్ తర్వాత డెల్టాకి పైనున్న ఉప్పాడలో జనం బంగారు నలుసులు ఏరుకున్నది అలాంటి కోతలోనే, అదీ ఏ మిషనూ లేకుండా.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా అలలు అందని పొడి ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ట్రాక్టరు చక్రాల్లాంటి జాడ కనబడితే ఆ చుట్టుపక్కల స్కూపు దించకూడదు. చట్టం సంగతి: 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం నేలలో దాగి దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి రాతపూర్వకంగా తెలపాలి. పది రూపాయలే, సున్నాలేవీ మిస్సవలేదు. ఎవరిదో పోయిన నగ అయితే పోలీసు స్టేషనులో అప్పగించాలి.

ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడగండి. కాయిల్ కవరు ఊడదీసి లోపలా కడగాలి; అందులో చేరిన చారెడు నల్ల ఇసుకే మర్నాడు ఊరికే మోగిస్తుంది. కర్ర జాయింట్లు విప్పి ఆరబెట్టండి. ఛార్జింగ్ పిన్నుల మీద తడి పూర్తిగా ఆరేదాకా కేబుల్ పెట్టొద్దు.