ఒక్క పెద్ద ట్యాంకా, నాలుగు చిన్నవా? డెల్టాలో మొలాసిస్ నిల్వకు ఏది మేలు

చక్కెర ఫ్యాక్టరీలో మార్చికి గానుగ ఆగేసరికి ట్యాంకులు మొలాసిస్‌తో, అంటే చక్కెర తీశాక మిగిలే చిక్కటి పాకంతో, నిండి ఉంటాయి. వెనకే ఎండలు ముదురుతాయి. గోదావరి డెల్టాలో ఫ్యాక్టరీ గోడ దాటితే పంట కాలువో మురుగు కాలువో తగులుతుంది. ఊళ్ల మంచినీళ్ల చెరువులు నిండేదీ ఆ కాలువల నీటితోనే. అందుకే ఇక్కడ ట్యాంకు పగిలితే అది ఫ్యాక్టరీ నష్టంతో పోదు.

నేలలో గొయ్యి తవ్వి కట్టే తొట్టిని ముందే పక్కన పెట్టేస్తాను. మన నేలలో కాస్త తవ్వితే నీళ్లు. ఖాళీ తొట్టిని నేల అడుగున ఊరే నీరు పైకి తంతుంది, గోడ బీటలిస్తే కారేది కంటికి కనబడదు. పైగా శుభ్రం చేయడానికి మనిషి పైనుంచే దిగాలి. 2017లో మొగల్తూరు ఆక్వా ప్లాంటు ట్యాంకులో ఐదుగురు, 2023లో పెద్దాపురం మండలం రాగంపేట నూనె ఫ్యాక్టరీ ట్యాంకులో ఏడుగురు ఇలా దిగే చనిపోయారు. పక్కన మ్యాన్‌హోల్ ఉన్న ట్యాంకైతే ముందు గాలి ఆడించవచ్చు, పడిపోయిన మనిషిని త్వరగా లాగవచ్చు.

ఇక పోటీ పెద్ద స్టీలు ట్యాంకుకీ చిన్నవాటికీ. పెద్దదానికి స్థలం తక్కువ, పైపులూ వాల్వులూ తక్కువ, రోజువారీ కారుడూ తక్కువే. ఎకరం ధర తెలిసిన యజమాని దానివైపు మొగ్గడంలో తప్పులేదు. కానీ అది పోతే ఒక్కసారే పోతుంది. 1919 జనవరి 15న అమెరికాలోని బోస్టన్‌లో 50 అడుగుల ఎత్తున్న ట్యాంకు పగిలి దాదాపు 87 లక్షల లీటర్ల మొలాసిస్ వీధుల మీద పడింది. 21 మంది చనిపోయారు. ట్యాంకు గోడల స్టీలు ప్లేట్లు ఉండాల్సినంత మందం లేవు. వాడకానికి ముందు ఆరంగుళాల నీళ్లు పోసి పరీక్ష అయిందనిపించారు.

ఆ పరీక్ష సంగతి మనవాళ్లూ గట్టిగా పట్టించుకోవాలి. లీటరు మొలాసిస్ దాదాపు కిలో 400 గ్రాములు తూగుతుంది, వంటనూనె 920 గ్రాములే. నూనె ట్యాంకును నిండా నీళ్లతో పరీక్షిస్తే అసలు బరువుకన్నా ఎక్కువే మోపినట్టు. మొలాసిస్ ట్యాంకును అలాగే పరీక్షిస్తే మోసే బరువులో 70 శాతమే చూసినట్టు. కాబట్టి నూనె కోసం కట్టిన పాత ట్యాంకు చవగ్గా వస్తోందని కొని మొలాసిస్ నింపడం ప్రాణాలతో చెలగాటం.

కారిన సరుకు బయటకు పోకుండా ట్యాంకుల చుట్టూ కట్టే డైక్ గోడ ఉంది కదా అంటారు. అతిపెద్ద ట్యాంకు సరుకుకు 110 శాతం పట్టేలా కట్టడం వాడుక. మెల్లగా కారితే అది ఆపుతుంది. ట్యాంకు ఒక్కసారిగా చీలితే అల గోడ దూకేస్తుంది. చిన్న ట్యాంకైతే ఆ అల కూడా చిన్నదే.

చిన్నవాటిలో నన్ను ఒప్పించింది మాత్రం మరొకటి: నాలుగింటిలో ఒకదాన్ని ఎప్పుడూ ఖాళీగా ఉంచవచ్చు. వేసవిలో మొలాసిస్ 40 డిగ్రీలు దాటి వేడెక్కితే తనంతట తానే ఇంకా కాగి, నురగకట్టి పొంగే ప్రమాదం ఉంది. పైన నీళ్లు చల్లడంతో పాటు వేడెక్కినదాన్ని ఖాళీ ట్యాంకులోకి పంపు చేసి తిప్పవచ్చు. అతుకు కారుతున్నా అదే మార్గం. ఒక్క ట్యాంకుంటే ఎక్కడికి తోడతారు?

కాలువలో పడ్డాక చేయగలిగింది బహు స్వల్పం. నూనె తేలుతుంది, అడ్డుకట్ట వేసి కొంతైనా తోడొచ్చు. మొలాసిస్ మునిగి, కరిగి, నీటిలోని ఆక్సిజన్‌ను హరిస్తుంది. 2013లో హొనొలులు ఓడరేవులో పైపు కారి 1,400 టన్నులు సముద్రంలో కలిస్తే వేలాది చేపలు చచ్చాయి, వెనక్కి తీయడం ఎవరి వల్లా కాలేదు. అందుకే కాకినాడ నూనె రిఫైనరీలో పెద్ద ట్యాంకుకు నేను అంతగా అడ్డు చెప్పను. కాలువ గట్టు పక్కన చక్కెర ఫ్యాక్టరీకి మాత్రం నా ఓటు నాలుగు చిన్నవాటికే, కాస్త పొట్టివాటికి.

వాటికీ ఓ లోపం ఉంది. నవంబరు తుపానుల నాటికి ట్యాంకులు ఖాళీగా, తేలిగ్గా ఉంటాయి. డైక్‌లో వాననీరు నిలిస్తే పునాది నుంచి లేచిపోతాయి. కింద బోల్టులతో బిగించాలి, వాననీరు ఎప్పటికప్పుడు తోడాలి. తోడాక డైక్‌లోంచి నీరు బయటకు వదిలే వాల్వు మూసి, తాళం వేసి, తాళంచెవి షిఫ్టు ఇంజనీరు దగ్గరే ఉంచాలి.