కాటా మీటరుతో బలం కొలవొద్దు: ఎస్-టైప్ లోడ్ సెల్, డిజిటల్ ఫోర్స్ ఇండికేటర్ రివ్యూ

స్ప్రింగ్ ఎంత బలానికి ఎంత కుదించుకుంటుంది, తాడు ఎక్కడ తెగుతుంది, బుష్ ఎంత ఒత్తిడితో దిగింది అని చూసుకోవడానికి చిన్న వర్క్‌షాపుల్లో ఎక్కువగా వాడేది ఒక ఎస్-టైప్ లోడ్ సెల్ (మీద పడే బలాన్ని చిన్న విద్యుత్ సిగ్నల్‌గా మార్చే ఎస్ ఆకారపు లోహపు ముక్క), దానికి తగిలించిన ఒక ప్యానెల్ ఇండికేటర్ (ఆ సిగ్నల్‌ను అంకెల్లో చూపే మీటరు). ఈ రివ్యూ ఆ జోడీ గురించే. 500 కిలోల సెల్, అంటే సుమారు 5 కిలోన్యూటన్లు. ఇండికేటర్ ముఖం 96×48 మిల్లీమీటర్లు, లోపల పీక్ హోల్డ్ (అత్యధిక రీడింగ్‌ను పట్టి ఉంచడం), రెండు రిలేలు (యంత్రాన్ని ఆపగల స్విచ్‌లు), ఆర్‌ఎస్-485 (కంప్యూటర్‌కు డేటా పంపే లైను) ఉంటాయి. ఇదే రూపంలో చాలామంది తయారుచేస్తున్నారు కాబట్టి పైన ఏ పేరుందన్నది కాదు, లోపల ఏముందన్నది చూడాలి. సరిగ్గా బిగిస్తే ఈ పరికరం పెట్టిన డబ్బుకు పూర్తిగా న్యాయం చేస్తుంది. దీని బదులు చవగ్గా వస్తుందని కాటా ఇండికేటర్ తెచ్చి పెట్టుకుంటే మాత్రం అంకెలు కనిపిస్తాయి గాని అవి బలం లెక్కలు కావు.

ఎందుకంటే కాటా ఇండికేటర్‌ను కదలని బరువు కోసం తయారుచేస్తారు. అందులో ఆటో జీరో ట్రాకింగ్ ఉంటుంది. ప్లాట్‌ఫాం మీద దుమ్ము పడినా, ఎండకు సున్నా కాస్త జరిగినా అదే సర్దుకుంటుంది. తూకపు ప్రమాణాల ప్రకారం ఈ సర్దుబాటు సెకనుకు అర డివిజన్ (డిస్‌ప్లే చూపే అతి చిన్న మెట్టు) దాకా, మొత్తంగా సామర్థ్యంలో 4 శాతం దాకా ఉండొచ్చు. 500 కిలోల కాటాలో డివిజన్ 100 గ్రాములైతే అది సెకనుకు 50 గ్రాములు. స్క్రూ జాక్ మీద నెమ్మదిగా బలం పెంచుతుంటే మొదటి కిలోలను ఇండికేటర్ తినేస్తుంది, మీకు సున్నాయే కనిపిస్తుంది. ఇక వేగం సంగతి. మామూలు కాటా ఇండికేటర్ సెకనుకు 10 రీడింగుల దగ్గర ఉంటుంది, పైగా వాటిని సగటు చేసి చూపిస్తుంది. బలం సెకనుకు 1000 న్యూటన్ల చొప్పున పెరుగుతుంటే రెండు రీడింగుల మధ్య 100 న్యూటన్లు జారిపోతాయి. తెగే క్షణం ఆ సందులో పడితే తాడు అసలు బలం మీకు ఎప్పటికీ తెలియదు. హాబీ వాళ్లు లోడ్ సెల్ సిగ్నల్ చదవడానికి వాడే హెచ్‌ఎక్స్711 బోర్డుకూ ఇదే ఇబ్బంది. ఆ చిప్ సెకనుకు 10 గాని 80 గాని రీడింగులు ఇవ్వగలదు, కానీ దొరికే బోర్డుల్లో చాలావరకు 10కే కట్టి వస్తాయి. నేర్చుకోవడానికి మంచి బోర్డే, తెగే పరీక్షకు సరిపోదు.

కాబట్టి ఫోర్స్ ఇండికేటర్ కొనేటప్పుడు అడగాల్సినవి: సెకనుకు ఎన్ని రీడింగులు, జీరో ట్రాకింగ్‌ను పూర్తిగా ఆపొచ్చా, పీక్‌ను ఫిల్టర్‌కు (రీడింగుల ఎగుడుదిగుడును సగటు చేసి తగ్గించే సర్దుబాటుకు) ముందు పట్టుకుంటుందా తర్వాతా. మూడోది అమ్మేవాళ్లు చాలామంది చెప్పలేరు. ఫిల్టర్ తర్వాత పట్టుకునే పీక్ ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. దీన్ని మీరే తేల్చుకోవచ్చు. ఒకే రకం దారాన్ని ఫిల్టర్ కనిష్ఠంలో పెట్టి కొన్నిసార్లు, గరిష్ఠంలో పెట్టి కొన్నిసార్లు తెంపండి. రెండు సగటుల మధ్య తేడా స్పష్టంగా ఉంటే పీక్ ఫిల్టర్ తర్వాతదే. అలాంటి ఇండికేటర్‌లో తెగే పరీక్షకు ఫిల్టర్‌ను కనిష్ఠంలోనే ఉంచాలి.

పెట్టె మీద "24 బిట్" అని, అంటే సిగ్నల్‌ను చాలా సన్నటి మెట్లుగా చదువుతుందని, రాసి ఉంటే దాన్ని చూసి మురిసిపోనక్కర్లేదు. ఈ సెల్ సున్నితత్వం, అంటే ఇచ్చిన ఒక్కో వోల్టుకు పూర్తి బలం దగ్గర వచ్చే సిగ్నల్, 2 మిల్లీవోల్టులు. ఇండికేటర్ 5 వోల్టులు ఇస్తే పూర్తి 500 కిలోలకు వచ్చేది 10 మిల్లీవోల్టులే. అంటే కిలోకు 20 మైక్రోవోల్టులు, 100 గ్రాములకు 2 మైక్రోవోల్టులు. కనెక్టర్‌లో కాస్త తేమ, పక్కన ఒక మోటార్ కేబుల్ చాలు, అంత చిన్న సిగ్నల్‌ను చెడగొట్టడానికి. సీ3 తరగతి (కచ్చితత్వపు శ్రేణి) సెల్‌కు మొత్తం పొరపాటు 0.02 శాతం అనుకున్నా 5000 న్యూటన్లలో అది 1 న్యూటన్. అందుకే డిస్‌ప్లే డివిజన్ 0.5 లేదా 1 న్యూటన్ పెట్టుకోండి. 0.1 పెడితే చివరి అంకె ఊరికే ఎగురుతూ ఉంటుంది, చూసేవాడికి అనుమానం తప్ప ఏమీ మిగలదు.

వైరింగ్‌లో రంగులను నమ్మి మొదలుపెట్టకండి. ఎరుపు ఎక్సైటేషన్ (ఇండికేటర్ సెల్‌కు ఇచ్చే వోల్టేజి) ప్లస్, నలుపు ఎక్సైటేషన్ మైనస్, ఆకుపచ్చ సిగ్నల్ ప్లస్, తెలుపు సిగ్నల్ మైనస్ అన్నది ఎక్కువ చోట్ల కనిపించే పద్ధతే గాని, అందరూ పాటించరు. సెల్‌తో వచ్చిన కాగితం లేకపోతే మల్టీమీటర్ తీసుకుని నాలుగు వైర్లను రెండేసి చొప్పున కొలవండి. ఆరు జతలు వస్తాయి. 350 ఓమ్ బ్రిడ్జిలో (సెల్ లోపల గేజులను, అంటే బలానికి నిరోధం మారే పలుచటి రేకులను, కలిపిన సర్క్యూట్‌లో) సిగ్నల్ జత 350 దగ్గర, ఎక్సైటేషన్ జత సాధారణంగా 380 నుంచి 420 మధ్య, మిగతా నాలుగు జతలు 260 నుంచి 300 మధ్య చూపిస్తాయి. ఆ నాలుగింటిలో ఏ ఒక్కటైనా మిగతావాటికి దూరంగా ఉంటే గేజ్ పోయిందని అర్థం. ఏ వైరుకూ సెల్ లోహపు ఒంటికీ మధ్య కనెక్షన్ ఉండకూడదు. ఈ ఇన్సులేషన్ చూడడానికి 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) పెట్టి సెల్‌ను కాల్చుకున్న వర్క్‌షాపులు ఉన్నాయి. 50 వోల్టులు దాటకూడదు, అదీ ఇండికేటర్ నుంచి వైర్లు విప్పాకే.

ఇండికేటర్ వెనక ఆరు టెర్మినళ్లుంటే అందులో రెండు సెన్స్‌వి, అంటే సెల్ దగ్గరికి అసలు ఎంత వోల్టేజి చేరిందో చూసేవి. మీ సెల్‌కు నాలుగే వైర్లుంటే సెన్స్ ప్లస్‌ను ఎక్సైటేషన్ ప్లస్‌కు, సెన్స్ మైనస్‌ను ఎక్సైటేషన్ మైనస్‌కు చిన్న జంపర్‌తో కలపాలి. ఇది మరిచిపోతే ఎర్రర్ కోడ్ వస్తుంది, లేదా రీడింగ్ ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంది. ఇండికేటర్ పాడైందని వెనక్కి పంపే ముందు ముందుగా చూడాల్సింది ఈ జంపర్లనే. నాలుగు వైర్ల సెల్ కేబుల్‌ను పొడుగైందని కత్తిరించకండి. ఫ్యాక్టరీలో ఆ కేబుల్ పొడవుతోనే కాలిబ్రేట్ చేసి ఉంటారు. మిగిలింది చుట్ట చుట్టి పక్కన పెట్టుకోండి. ఆరు వైర్ల సెల్‌కు ఈ పట్టింపు లేదు. కేబుల్ షీల్డ్‌ను (వైర్ల చుట్టూ ఉండే లోహపు కవచాన్ని) ఇండికేటర్ వైపు ఒక్క చోటే ఎర్త్ చేయాలి. రెండు చివరలా చేస్తే ఎర్త్‌లో తిరిగే కరెంటు రీడింగ్‌లోకి వస్తుంది. వీఎఫ్‌డీ (మోటార్ వేగాన్ని మార్చే పరికరం) నుంచి మోటార్‌కు వెళ్లే కేబుల్‌కు కనీసం ఒక అడుగు దూరం ఉంచండి. తప్పనిసరిగా దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి, పక్కపక్కనే పరిగెత్తించకండి.

బిగింపులో జరిగే తప్పుల్ని ఏ ఇండికేటరూ సరిదిద్దలేదు. ఎస్-టైప్ సెల్ నిలువుగా లాగడానికో నొక్కడానికో పుట్టింది, పక్కకు వంచితే తప్పు చూపిస్తుంది, గట్టిగా వంచితే శాశ్వతంగా చెడుతుంది. లాగే పరీక్షకు రెండు వైపులా రాడ్ ఎండ్ బేరింగులు వేయండి. నొక్కే పరీక్షకు పైన గుండ్రటి లోడ్ బటన్ ఉండాలి, చదునైన ప్లేట్ నేరుగా ఆనకూడదు. కేబుల్ బయటికొచ్చే వైపును కదలని భాగానికి బిగించండి. లేదంటే కేబుల్ బిగుతు కూడా బలంగా కొలతలోకి వస్తుంది. ఇంకో సంగతి బోల్టు పొడవు. అది మర దాటి సెల్ మధ్యలో ఉన్న గాడిలోకి చొచ్చుకెళ్తే, కొంత బలం వరకు రీడింగ్ బాగానే ఉండి, ఆ తర్వాత పెరగడం తగ్గిపోతుంది. సెల్ చెడిందనిపిస్తుంది గాని చెడింది బోల్టు కొలతే. చెక్ నట్ బిగించేటప్పుడు సెల్‌ను స్పానర్‌తో పట్టుకోవాల్సింది ఆ నట్ ఉన్న వైపు చివరనే. అవతలి చివర పట్టుకుని తిప్పితే ఆ మెలి అంతా సెల్ గుండా పోతుంది.

ఇప్పుడు కాలిబ్రేషన్. అరగంట కరెంటు పెట్టి వదిలేయండి. మెనూలో ముందు సామర్థ్యం, దశాంశం, డివిజన్, యూనిట్ వేసుకుని జీరో ట్రాకింగ్‌ను ఆపేయండి. తర్వాత సెల్ మీద పూర్తి బలం దాకా మూడుసార్లు ఎక్కించి దించండి, కొత్తగా బిగించిన మరలు సర్దుకుంటాయి. అప్పుడే ఖాళీగా జీరో తీసుకుని, పూర్తి సామర్థ్యానికి దగ్గరున్న బలం దగ్గర స్పాన్ పెట్టాలి, అంటే తెలిసిన బలం వేసి అదెంతో ఇండికేటర్‌కు చెప్పాలి. 20 కిలోల బాటు వేసి 500 కిలోల సెల్‌కు స్పాన్ పెడితే ఆ బాటు దగ్గర జరిగిన అర న్యూటన్ పొరపాటు పైకి వెళ్లేసరికి పన్నెండు న్యూటన్లకు పైగా అవుతుంది. బాట్లు చాలకపోతే సెల్ సర్టిఫికెట్‌లో ఉన్న అసలు సున్నితత్వపు విలువను, ఉదాహరణకు 2.0012, ఇండికేటర్‌లో నేరుగా వేయడం మేలు. ఈ ఇండికేటర్‌లో ఆ మార్గం ఉంది, కాటా ఇండికేటర్లలో చాలావాటికి లేదు.

బాట్లతో చేసేవాళ్లు తరచూ తప్పే చోటు ఒకటుంది. 100 కిలోల బాటు అంటే 980.7 న్యూటన్లు అని వేస్తారు. అది ప్రామాణిక గురుత్వం 9.80665 ప్రకారం. హైదరాబాద్‌లో గురుత్వం సుమారు 9.783. ఇక్కడ ఆ బాటు దించే బలం 978.3 న్యూటన్లే. తేడా 0.24 శాతం, సెల్ పొరపాటుకు పది రెట్లకు పైనే. తూకానికి ఇది అక్కర్లేదు, ఎందుకంటే కాటాను ఏ ఊళ్లో వాడతారో అక్కడే బాట్లతో సరిచూస్తారు. న్యూటన్లలో రిపోర్టు రాసేవాళ్లకు మాత్రం చాలా అవసరం. హైదరాబాద్‌లో 100 కిలోల బాటుకు స్పాన్ దగ్గర 978.3 వేయండి.

స్పాన్ అయ్యాక 20, 40, 60, 80, 100 శాతాల దగ్గర ఎక్కిస్తూ, దించుతూ రీడింగులు రాసుకోండి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఒకే బలానికి వేర్వేరు అంకెలొస్తే చాలాసార్లు సెల్ కన్నా బిగింపులో రాపిడే కారణం. ఇదే రోజు ఒక షంట్ విలువ (రెసిస్టర్ తగిలించి పుట్టించిన ఉత్తుత్తి బలం రీడింగ్) కూడా తీసిపెట్టుకోండి. 100 కిలోఓమ్‌ల మంచి రెసిస్టర్‌ను ఒక ఎక్సైటేషన్ వైరుకూ ఒక సిగ్నల్ వైరుకూ మధ్య పెడితే 350 ఓమ్ బ్రిడ్జిలో వోల్టుకు 0.87 మిల్లీవోల్టుల తేడా వస్తుంది, అంటే ఈ సెల్ మీద సుమారు 218 కిలోల బలం పెట్టినట్టు. కచ్చితమైన అంకె సెల్‌ను బట్టి కొద్దిగా మారుతుంది, పర్వాలేదు. మీ సెల్‌కు ఆరోజు ఎంతొచ్చిందో ప్యానెల్ తలుపు లోపల రాసి అంటించండి. నెలకోసారి అదే రెసిస్టర్‌ను అవే రెండు వైర్ల మధ్య పెట్టి చూస్తే ఇండికేటర్, వైరింగ్ ఎలా ఉన్నాయో రెండు నిమిషాల్లో తేలిపోతుంది. సెల్ వంగిందా అన్నది మాత్రం షంట్ చెప్పదు, దానికి ఖాళీ రీడింగే గుర్తు. బలం ఏమీ లేకుండా సిగ్నల్ పూర్తి విలువలో 10 శాతం కన్నా జరిగితే ఆ సెల్ ఎక్కడో అధికబలం తిన్నది, దాన్ని టేర్ కొట్టి (బటన్ నొక్కి సున్నా చేసి) నడిపించకండి.

వాడకంలో ఈ ఇండికేటర్ మీద ఫిర్యాదులు తక్కువే. ఎల్‌ఈడీ అంకెలు పగటి వెలుతురులోనూ దూరానికి కనిపిస్తాయి. పీక్ రీసెట్‌కు వెనకవైపు ఇన్‌పుట్ ఉంది, పెడల్ స్విచ్ తగిలించుకోవచ్చు. రిలేలను మాత్రం పీక్ విలువకు కాదు, నడుస్తున్న విలువకు కట్టండి. పీక్‌కు కడితే రీసెట్ చేసేదాకా యంత్రం ఆగే ఉంటుంది. మెనూ నాలుగు బటన్ల మీద, పొట్టి కోడ్‌లతో నడుస్తుంది, మాన్యువల్ పక్కన లేకుండా ముందుకు పోలేం. ఇది నిజంగా బాగుచేయాల్సిన లోపం. ఆర్‌ఎస్-485 దగ్గర ఏ, బీ అక్షరాలు కంపెనీకొక రకంగా ఉంటాయి. బాడ్ రేట్ (డేటా వేగం), అడ్రస్ సరిగ్గా ఉన్నా డేటా రాకపోతే ఆ రెండు వైర్లను మార్చి చూడండి.

వానాకాలం వస్తే, ముఖ్యంగా విశాఖ, కాకినాడ వంటి తీరం ఊళ్లలో, పొద్దున ఒక సున్నా, మధ్యాహ్నం ఒక సున్నా వస్తుంటే జంక్షన్ బాక్స్, కనెక్టర్ విప్పి చూడండి. ఆకుపచ్చ తుప్పు కనిపిస్తుంది. ఆరబెట్టి, శుభ్రం చేసి, సిలికాజెల్ పొట్లం పెట్టి, కేబుల్ గ్లాండ్ బిగించాలి. షెడ్డులో ఆ ఫ్రేమ్ మీద వెల్డింగ్ ఉంటే సెల్ వైర్లు విప్పేసి, వెల్డింగ్ ఎర్త్ క్లాంపును అతుకు పక్కనే పెట్టించండి. ఆ కరెంటు సెల్ గుండా పోతే గేజులు మిగలవు. నాలుగు సెల్‌లను కలిపి వాడాలనుకునేవాళ్లు ఇండికేటర్ ఎంత కరెంటు ఇవ్వగలదో చూసుకోండి. నాలుగు 350 ఓమ్ సెల్‌లు సమాంతరంగా కలిస్తే 87.5 ఓమ్‌లు, 5 వోల్టుల దగ్గర 57 మిల్లీయాంపులు తీసుకుంటాయి.

సర్టిఫికెట్ విషయంలో సెల్‌కు వేరుగా, ఇండికేటర్‌కు వేరుగా కాక రెండూ కలిపిన జోడీకి, ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్ నుంచి తీసుకోండి. కాగితం మీద రెండింటి సీరియల్ నంబర్లూ ఉండాలి. ఆ తర్వాత సెల్ గాని ఇండికేటర్ గాని మారిస్తే ఆ కాగితం చెల్లదు. ఇదే జోడీతో సరుకు తూచి అమ్మాలంటే మాత్రం లీగల్ మెట్రాలజీ (తూనికలు కొలతల శాఖ) ముద్ర వేరే కావాలి.