టీడీఎస్ మీటర్ పెన్ను: ఉప్పు సంగతి చెబుతుంది, ఫ్లోరైడ్ సంగతి అడక్కండి

టీడీఎస్ అంటే నీళ్లలో కరిగి ఉన్న మొత్తం లవణాలు. అవి ఎన్నో చూపించే, ఆన్‌లైన్‌లో రెండు వందల చిల్లరకి వచ్చే పెన్ను లాంటి మీటర్ ఇది. మాది దర్శి దగ్గర పల్లె, బోరు నీళ్లు ఎలాంటివో తేల్చుకుందామని తెప్పించాను. కింద రెండు సన్నని పిన్నులు, పైన చిన్న స్క్రీను, లోపల బటన్ బ్యాటరీలు, అంతే. గీత వరకే నీళ్లలో ముంచాలి, గ్లాసుకి ఒకసారి తట్టి బుడగలు పోగొట్టాలి, అంకె కదలకుండా నిలిచాక హోల్డ్ నొక్కి చూసుకోవాలి. ఇంట్లో బోరు నీళ్లకి 1400 పీపీఎం (అంటే లీటరుకి దాదాపు అన్ని మిల్లీగ్రాములు) దాటింది, ప్లాంటు నుంచి తెచ్చే క్యాన్ నీళ్లకి 40 లోపే. పని చేస్తుందా అంటే చేస్తుంది.

కానీ ఏం చేస్తుందో తెలుసుకుని కొనండి. నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందో కొలిచి, దాన్ని బట్టి కరిగిన లవణాలు మొత్తం ఎన్ని ఉండొచ్చో లెక్కగట్టి చూపిస్తుంది. ఆ లవణం ఏదో చెప్పలేదు. మన దగ్గర ఉప్పు నీళ్లు, సప్ప నీళ్లు, మడ్డి నీళ్లు, పాచి నీళ్లు, పప్పు ఉడకని నీళ్లు అని చాలా రకాలు అంటారు గానీ అవన్నీ నాలుకకో కంటికో తెలిసిపోయేవే, వాటికి మీటరు అక్కర్లేదు. ఫ్లోరైడ్‌కి రుచీ రంగూ వాసనా ఉండవు, పిల్లలకి గారపళ్లు వచ్చాక గానీ బయటపడదు. మన దేశంలో ప్రమాణాలు నిర్ణయించే సంస్థ బీఐఎస్ ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు. మీ బోరులో 3 ఉందనుకోండి, 1400 చూపించే అంకెలో ఆ మూడు యాడ కలిసిపోయిందో ఎవరు పట్టుకుంటారు? కాచి తాగితే పోతుందనుకుంటారు చాలామంది, పోదు, నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది. ఇక వాంతులు, విరేచనాలు తెచ్చే క్రిముల సంగతి సరేసరి, మురుగు కలిసిన నీళ్లకి కూడా ఈ పెన్ను చక్కగా 200 చూపించగలదు.

ఇంకోటి చెప్పాలి. ఫిల్టర్లు అమ్మే ఒకాయన మా అత్తయ్య వాళ్లింటికి ఇదే మీటరు పట్టుకొచ్చాడు, అది చాలదన్నట్టు రెండు గ్లాసుల్లో కడ్డీలు పెట్టి కరెంటు ఇచ్చాడు. బోరు నీళ్లు నిమిషంలో గోధుమరంగు మడ్డిలా మారాయి, ఫిల్టర్ నీళ్లు తేటగా ఉన్నాయి. "చూశారా అమ్మా, మీరు తాగేది ఇదీ" అన్నాడు. అత్తయ్యకి టెన్షన్ పట్టుకుంది. ఆ మడ్డి నీళ్లలోది కాదు, కడ్డీలోని ఇనుము కరిగి వచ్చిన తుప్పు. ఉప్పున్న నీళ్లలో కరెంటు పారుతుంది కాబట్టి కరుగుతుంది, లేనిదాంట్లో పారదు, కరగదు. ఆ తేట గ్లాసులో చిటికెడు ఉప్పేసి మళ్లీ పెట్టమన్నాను. వైర్లు చుట్టుకుని, బ్రోచర్ ఇచ్చి వెళ్లిపోయాడు.

ఫ్లోరైడ్ తెలియాలంటే ఒంగోలులో గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో ఇవ్వాలి, లేదా ఊళ్లో ఫీల్డ్ టెస్ట్ కిట్ ఉందేమో కనుక్కోండి. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకి దాని మీద ట్రైనింగ్ ఇవ్వాలని ఉంది. క్రిములకి వేరే చిన్న సీసా ఉంటుంది, నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే నల్లబడితే తాగకూడదని.

మరి ఈ పెన్ను దండగా అంటే కాదు. ఇంట్లో ఆర్వో ఉన్నవాళ్లకి బాగా పనికొస్తుంది. కొత్త మెంబ్రేన్ (లోపల నీళ్లని వడకట్టే పొర) వేయించిన రోజు ఆర్వో నీళ్లకి వచ్చిన అంకె గోడ మీద రాసిపెట్టుకోండి, అది పెరుగుతూ పోతుంటే మెంబ్రేన్ పోయిందని మెకానిక్ చెప్పకముందే మీకే తెలుస్తుంది. ఆ ఒక్క పనికి 5కి 3 ఇస్తాను. మూత మాత్రం వదులు, బ్యాగులో వేస్తే ఊడిపోతోంది.