బిల్లు లేకుండా ప్యాడ్స్ కొని మోసపోయాను, డ్రమ్మర్లు జాగ్రత్త

పెళ్లిళ్ల సీజన్ లోపు ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్స్ కొందామని తిరుగుతున్న డ్రమ్మర్ అన్నలు, తమ్ముళ్లు ఇది ఓపిగ్గా చివరిదాకా చదవండి. నేను 71,000 రూపాయలు పెట్టి కొన్న సెట్టు మొదటి ప్రోగ్రామ్‌లోనే స్టేజీ మీద మూడుసార్లు ఆగిపోయింది. ఇంకొకరికి ఇలా జరగకూడదనే రాస్తున్నాను.

14 ఏళ్లుగా వరంగల్ వైపు ఆర్కెస్ట్రాలో జాజ్ డ్రమ్స్ వాయిస్తున్నాను. కిక్ (పెడల్ తొక్కితే మోగే పెద్ద డ్రమ్ము), స్నేర్, రెండు టామ్స్, హైహ్యాట్, ఒక క్రాష్. ఇన్నాళ్లూ అవే సరిపోయాయి. ఇప్పుడు ఏ పెళ్లికి వెళ్లినా తీన్మార్ కొట్టమంటున్నారు. డప్పు సౌండ్ కావాలి, చప్పట్లు కావాలి, కొత్త పాటల్లో వినిపించే ఆ లోతైన కిక్ కావాలి. నా డ్రమ్స్‌తో అవి రావు. అందుకే డ్రమ్స్ పక్కన ఒక శాంప్లింగ్ ప్యాడ్ (కర్రతో కొడితే లోపల దాచిన సౌండ్ పలికే మెషీన్), కిక్‌కి ఒక ట్రిగ్గర్ (దెబ్బని పసిగట్టి ప్యాడ్‌కి చెప్పే సెన్సార్) పెట్టాలనుకున్నాను. (మనవాళ్లు ఏ ప్యాడ్‌నైనా ఆక్టాప్యాడ్ అనే అంటారు. రోలాండ్ కంపెనీ 1985లో తెచ్చిన ఎనిమిది ప్యాడ్ల మెషీన్ పేరు అది. మన ఆర్కెస్ట్రాల్లో అన్నిటికీ అదే పేరు నిలిచిపోయింది. నేను కొన్నది ఆ కంపెనీది కాదు.)

హైదరాబాద్‌లో ఒక షాపుకి వెళ్లాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. "ఫ్రెష్ ఇంపోర్ట్ పీస్ అన్నా, బిల్లు వద్దంటే 8 వేలు తగ్గిస్తా" అన్నాడు. అట్టపెట్టె మీద టేపు రెండు వరసలుగా ఉంది. ఒకసారి కోసి మళ్లీ అంటించినట్టు కనిపిస్తూనే ఉంది, కానీ అడగలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టి 20 నిమిషాలు వాయించాను. డప్పు సౌండ్ చెవిలో అంత బాగా మోగేసరికి ఇంకేమీ చూడాలనిపించలేదు. అక్కడే ఫోన్‌పేలో డబ్బు పంపేశాను.

మొదటి ప్రోగ్రామ్ జనగామ దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో. సౌండ్ చెక్‌లో పెడల్ మీద కాలు పెట్టకుండానే కిక్ మోగింది. ప్లైవుడ్ స్టేజీ, పక్కనే బేస్ బాక్సులు. ట్రిగ్గర్ లోపల పియెజో అనే పల్చటి బిళ్ల ఉంటుంది. స్కిన్ అదిరితే అది సన్నటి కరెంటు పుట్టిస్తుంది, మెషీన్ దాన్ని దెబ్బగా లెక్కేస్తుంది. బేస్‌కి స్టేజీ అదిరినా దానికి దెబ్బే. సెట్టింగ్స్‌లో థ్రెషోల్డ్ (ఎంత గట్టిగా అదిరితే దెబ్బగా లెక్కేయాలనే హద్దు) పెంచితే తగ్గుతుంది, మరీ పెంచితే మెల్లగా తొక్కిన కిక్ అసలు పలకదు. ఈ ఒక్క విషయంలో షాపు తప్పేమీ లేదు. ముందే తెలుసుకుని ఉండాల్సింది నేను.

మిగతావి అలాంటివి కావు. నాలుగో ప్యాడ్ కొడితే ఐదోది కూడా మోగుతోంది. దీన్ని క్రాస్‌టాక్ అంటారు, మామూలుగా సెట్టింగ్‌తో పోతుంది. ఎంత మార్చినా పోలేదు. ప్రోగ్రామ్ మొదలై గంట దాటాక, అందరూ లేచి ఎగురుతున్న తీన్మార్ మధ్యలో, ప్యాడ్ లైట్లన్నీ ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి ఆన్ అవడం మొదలుపెట్టింది. ఆ కాసేపు డప్పు లేదు, చప్పట్లు లేవు. స్నేర్ మీద తీన్మార్ అందుకుని ఎలాగో పాట నిలబెట్టాను. మరో రెండుసార్లు అలాగే అయింది. పెళ్లికొడుకు వాళ్ల నాన్నగారు స్టేజీ దగ్గరికి వచ్చి "ఏమైంది బాబూ?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. ఆ టెన్షన్ నా శత్రువుకి కూడా వద్దు.

ట్రిగ్గర్ ఉంది కదా అని కిక్ మైక్ తీసేయమన్నాడు సౌండ్ తమ్ముడు. ఎందుకో ఉండనీ అన్నాను. ప్యాడ్ ఆగితే ట్రిగ్గర్ కిక్ కూడా ఆగిపోతుంది, ఆ మైకే ఆ రాత్రి ప్రోగ్రామ్‌ని కాపాడింది. దయచేసి ఎవరూ ట్రిగ్గర్‌ని నమ్ముకుని మైక్ తీసేయకండి.

పార్టీ వాళ్లు మాట్లాడుకున్న దాంట్లో 5,000 తగ్గించి ఇచ్చారు. మా ఆర్కెస్ట్రా అన్న నన్ను ఒక్క మాట అనలేదు, ఆ డబ్బు తన వాటాలోంచి తీసేసుకుని మా అందరికీ పూర్తిగా ఇచ్చాడు. నా 71,000 కంటే అదే ఎక్కువ బాధగా ఉంది.

తర్వాత కంపెనీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. వాళ్లు విప్పి చూపించారు. అది ముందే ఒకసారి విప్పిన పీసు. నాలుగో ప్యాడ్ కింద పియెజో మార్చి, అడుగున ఉండాల్సిన ఫోమ్ బదులు మామూలు రెండువైపులా అంటుకునే టేపు వేశారు. సీరియల్ నంబర్ వేరే దేశంలో అమ్మకానికి పంపిన పీసుది. ఇక్కడ వారంటీ లేదు. ప్యాడ్ అడుగున స్టిక్కర్ మీద 9 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంది, షాపు వాడు ఇచ్చిన అడాప్టర్ 1 ఆంపియర్‌ది. గంట నడిచేసరికి వేడెక్కి వోల్టేజీ పడిపోయి మెషీన్ రీస్టార్ట్ అవుతోందని చెప్పారు. షాపుకి ఫోన్ చేస్తే "జనరేటర్ కరెంటుకి పోయి ఉంటుంది, మాకు సంబంధం లేదు" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు.

కాబట్టి షాపులో హెడ్‌ఫోన్స్‌తో విని కొనకండి. హెడ్‌ఫోన్స్‌లో ప్రతి ప్యాడూ బాగానే ఉంటుంది. మీ సొంత కిక్, ట్రిగ్గర్ తీసుకెళ్లండి. స్పీకర్‌కి కలిపి సౌండ్ బాగా పెంచి, ఒక్కో ప్యాడ్‌ని గట్టిగానూ మెల్లగానూ కొడుతూ పక్క ప్యాడ్ మోగుతోందా అని వినండి. గంటన్నర, రెండు గంటలు ఆపకుండా ఆన్‌లో ఉంచమనండి. ఒప్పుకోని షాపులో కొనకండి. సీల్ మీ ముందే కోయించి వీడియో తీయండి. పెట్టె మీద, మెషీన్ మీద, బిల్లు మీద సీరియల్ నంబర్ ఒకటేనా చూడండి.

అడాప్టర్ విషయం మాత్రం ఇంకా గట్టిగా చెప్పాలి. వోల్టులు, ఆంపియర్లే కాదు, స్టిక్కర్ మీద చిన్న గుండ్రం బొమ్మలో మధ్యన ప్లస్సో మైనస్సో గుర్తు ఉంటుంది, అది కూడా కలవాలి. కొన్ని ప్యాడ్లకు మధ్యన మైనస్. బయట దొరికే సీసీటీవీ అడాప్టర్లకు మధ్యన ప్లస్. పిన్ను సరిపోయింది కదా అని పెడితే మెషీన్ కాలిపోవచ్చు.

షాపు వాళ్లు చెప్పని ఖర్చులు కూడా ఉన్నాయి. ప్యాడ్ నుంచి మిక్సర్ దాకా మామూలు జాక్ వైరు 20 మీటర్లు లాగితే హమ్ (గుయ్యిమనే శబ్దం) వస్తుంది, డీఐ బాక్స్ (హమ్ లేకుండా సౌండ్‌ని మిక్సర్ దాకా పంపే చిన్న పెట్టె) కావాలి. హమ్ పోవాలని కొందరు ప్లగ్గు ఎర్త్ పిన్ను పీకేస్తారు. అది ప్రాణాంతకం, ఎప్పుడూ చేయకండి. డీఐ బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉన్నది అందుకే. మన చెవి దగ్గర మానిటర్ కూడా కావాలి. డ్రమ్ కొడితే మనకి దానంతట అదే వినిపిస్తుంది, ప్యాడ్ అలా కాదు.

ఇప్పటికే మోసపోయిన వాళ్లు బిల్లు లేదని ఊరుకోకండి. నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ఫోన్‌పే రసీదు, "ఫ్రెష్ పీస్" అని వాడు వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్, సర్వీస్ సెంటర్ ఇచ్చిన కాగితం ఆధారాలుగా పెట్టాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. మనం కట్టిన సొమ్ము 5 లక్షల లోపు ఉంటే అక్కడ ఫీజు లేదు.

వరంగల్, హన్మకొండ వైపు ఎవరైనా ఈ నెలలో ప్యాడ్స్ కొనబోతుంటే ముందు నాకు ఒక మాట చెప్పండి. ప్రోగ్రామ్ లేని రోజైతే నా కిక్, మానిటర్ వేసుకుని మీతో పాటు షాపుకి వస్తాను.