గర్భంలో బీపీకి మిథైల్‌డోపా: థైరాయిడ్ ఉన్న తల్లిగా నా సమీక్ష

హషిమోటో థైరాయిడ్‌కు (ఒంటి రోగనిరోధక శక్తే థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీసే జబ్బు) ఏళ్లుగా లెవోథైరాక్సిన్ అనే థైరాయిడ్ హార్మోన్ మాత్ర వాడుతున్న నాకు గర్భిణిగా ఉన్నప్పుడు బీపీ పెరగడంతో, డాక్టరుగారు మిథైల్‌డోపా 250 మిల్లీగ్రాముల మాత్రను రోజుకు మూడు పూటలా వేసుకోమన్నారు. ఇది 1960ల నుంచి వాడుకలో ఉన్న పాత మందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక ఔషధాల జాబితాలో దీనికి గర్భిణుల బీపీ కోసమే చోటుంది. నా బీపీ ప్రసవం దాకా అదుపులోనే ఉంది. మొదట్లో మాత్రం మధ్యాహ్నం మాత్ర వేసుకోగానే మగత కమ్మేది, నోరు ఎండిపోయేది.

అసలు జాగ్రత్త వేళల దగ్గరే కావాలి. లెవోథైరాక్సిన్‌ను పరగడుపున వేసుకోవాలి; ఐరన్, కాల్షియం మాత్రలను దానికి కనీసం నాలుగు గంటల ఎడంలో వేసుకోవాలి; పైగా ఐరన్ మిథైల్‌డోపాను కూడా ఒంటికి సరిగా పట్టనివ్వదు కాబట్టి ఆ రెంటినీ ఒకేసారి మింగకూడదు. అందుకే నాకు తెల్లవారగానే థైరాయిడ్ మాత్ర, టిఫిన్‌తో బీపీ మాత్ర, పదకొండింటికి ఐరన్, సాయంత్రం కాల్షియం అని డాక్టరుగారు చీటీ మీద గంటలు వేసిచ్చారు. గర్భిణులందరికీ ఇలా రాసివ్వాలని నా గట్టి అభిప్రాయం.

ఈ బీపీ మాత్ర థైరాయిడ్‌నూ నయం చేస్తుందన్న ఆశతో ఎవరూ దీన్ని కొనవద్దు. 2018లో కొలరాడో, ఫ్లోరిడా విశ్వవిద్యాలయాల పరిశోధకులు చూపింది, హషిమోటోలాగే రోగనిరోధక శక్తి సొంత ఒంటిపైనే దాడి చేసే టైప్ 1 మధుమేహం సంగతి: ఆ వ్యాధికి దోహదపడే, రోగనిరోధక కణాల మీద ఉండే హెచ్‌ఎల్‌ఏ-డీక్యూ8 అణువును మిథైల్‌డోపా అడ్డుకుంటుందని ప్రయోగశాలలోనూ, ఇరవై మంది రోగులలోనూ గమనించారు. థైరాయిడ్ విషయంలో యారన్ టోమర్ అనే పరిశోధకుడి బృందం 2016లో ఇలాంటి ఆలోచనతోనే హెచ్‌ఎల్‌ఏ-డీఆర్3 అణువును పరిశీలించింది, కానీ అక్కడ పనిచేసిన పదార్థం సెఫరాంథిన్ అనే వేరే మందు. ఆ దారి నాకు ఎంతో ఆశ కలిగిస్తోంది. అయినా నేటికి హషిమోటో రోగికి లోటు తీర్చేది లెవోథైరాక్సినే.

బీపీ మాత్రగా దీనికి ఐదుకు నాలుగు ఇస్తాను. దీనివల్ల అరుదుగా ఎర్ర రక్తకణాలు దెబ్బతినవచ్చు, కాలేయం వాయవచ్చు. కాబట్టి డాక్టరు చెప్పిన రక్తపరీక్షలు మానకూడదు. మనసు కుంగదీసే గుణం కూడా దీనికి ఉంది కనుక ప్రసవమైన రెండు రోజుల్లోపే ఆపి మరో బీపీ మందుకు మార్చడం మేలంటారు. ఆ మార్పు గురించి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేలోపే డాక్టరుగారిని అడిగి తెలుసుకోండి.