మందుల షాపు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్: వేగం బాగుంది, 12 శాతం పన్ను తీసేసిన తీరే బాలేదు

మా బావది నెల్లూరు పొగతోటలో మందుల షాపు. చుట్టూ ఆసుపత్రులే. డిశ్చార్జి అయినవాళ్లు మిగిలిన ఇంజెక్షన్లు, సెలైన్లు తెచ్చి వెనక్కి ఇవ్వడం అక్కడ రోజూ ఉండే పనే. షాపులో వాడే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఆ రిటర్న్‌ల దగ్గరే బోల్తా పడింది. కంపెనీ పేరు రాయను, తర్వాత సరిచేశారు కాబట్టి.

మంచి సంగతులు ముందు చెప్పాలి. మందు పేరులో మూడక్షరాలు కొడితే బ్యాచ్, ఎక్స్‌పైరీ, ఏ ర్యాక్‌లో ఉందో అన్నీ వచ్చేస్తాయి. నెట్ పోయినా బిల్లు ఆగదు. సాయంత్రం ఓపీ వదిలే వేళకు కౌంటర్ ముందు జనం నిలబడితే అంతకన్నా ఏం కావాలి?

2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీలో 12 శాతం శ్లాబు పోయింది. 12లో ఉన్న మందులు చాలావరకు 5కి దిగాయి, 33 ప్రాణరక్షక మందులకైతే పన్నే లేదు. కంపెనీవాళ్లు అప్‌డేట్ పంపి 12ను మొత్తానికే పీకేశారు. కొత్త బిల్లులు చక్కగా వచ్చాయి. కానీ 22కి ముందు అమ్మిన మందు తర్వాత వెనక్కి వస్తే పాత రేటుతోనే క్రెడిట్ నోట్ (వాపసు రసీదు) ఇవ్వాలి. వెయ్యి రూపాయల మందుకు 120 పన్ను కలిపి 1,120 కట్టిన మనిషికి సాఫ్ట్‌వేర్ 1,050 ఇమ్మంటోంది. ఆత్మకూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన బిల్లు చేత్తో పట్టుకుని, మిగతా డెబ్బై ఏవని నిలదీశాడు. ఆయన అడిగింది న్యాయమే. ఆ పాత బిల్లు మళ్లీ ప్రింట్ తీస్తే అందులోనూ 5 శాతమే!

నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. అందుకే కంపెనీ సపోర్ట్‌కు ఫోన్ చేసి బావ నా చేతికిచ్చాడు. 12 తీసేసినప్పుడు దానికి టెస్టులు, అంటే సాఫ్ట్‌వేర్ సరిగ్గా పనిచేస్తోందో లేదో దానంతట అదే చూసే చిన్న ప్రోగ్రాములు, రాశారా అని అడిగాను. సపోర్ట్ కుర్రాడు, “తీసేసినదానికి టెస్ట్ ఏంది సార్, ఉన్నదానికి కదా రాసేది” అన్నాడు.

అతని మాటలో సగం నిజముంది. అదే అప్‌డేట్‌లో పండగ శుభాకాంక్షల ఎస్సెమ్మెస్ కూడా తీసేశారు. దాని కోడ్, దాని టెస్టులు కలిపి చెరిపేసి, మిగతా టెస్టులు ఒకసారి నడిపితే చాలు. ఆ బటన్ కనపడటం లేదని నిరూపించడానికి టెస్ట్ రాసి, దాన్ని ఏళ్ల తరబడి మోయడం దండగ. నేనూ రాయను.

12 శాతం కథ వేరు. స్క్రీన్ మీద 12 పోయినా దాంతో చేసిన బిల్లులు డేటాలో ఉన్నాయి. పాత బిల్లు తెరిస్తే పాత రేటు రావాలి, రిటర్న్‌కు ఆ రేటే పట్టాలి, పాత నెల రిపోర్టు మారకూడదు. ఇవి ముందు నుంచీ ఉన్న పనులే. వీటికి టెస్టులు లేకపోతే తీయకముందే రాసుకోవాలి. అప్పుడు తీసేశాక ఏది విరిగిందో వెంటనే తెలుస్తుంది.

లేదని చూసే టెస్ట్ ఒకటి మాత్రం ఇక్కడ అవసరమే: 22 నుంచి వేసే కొత్త అమ్మకం బిల్లులో 12 పడకూడదు. స్క్రీన్ మీద 12 లేకపోయినా, డిస్ట్రిబ్యూటర్ పంపిన ఎక్సెల్ ఎక్కిస్తే అందులోని 12 నేరుగా లోపలికి వచ్చేసింది. ఎస్సెమ్మెస్ మిగిలిపోతే నష్టం లేదు, పన్ను అలా కాదు కదా.

ఇదంతా చెప్తే కుర్రాడు ఓపిగ్గా రాసుకున్నాడు, దానికి మెచ్చుకోవాలి. తర్వాతి అప్‌డేట్‌లో రేటు బిల్లుతోపాటే సేవ్ అయ్యేలా మార్చారు. రిటర్న్‌లు ఇప్పుడు సరిగ్గా వస్తున్నాయి. ఎక్సెల్‌లో 12 ఉంటే ఎర్రగా చూపించి ఆపేస్తోంది.

ఐదుకి మూడున్నర ఇస్తాను. బావ రెన్యూవల్ కట్టేశాడు. ఆటో అప్‌డేట్ మాత్రం ఆపించాను. కొత్తది వస్తే ముందు వెనక గదిలోని పాత కంప్యూటర్‌లో వేసి, ఒక పాత బిల్లుకు రిటర్న్ కొట్టి చూస్తున్నాం.